నలభై రోజుల నిద్ర

స్తోత్రం నీకే, ప్రభువా. ఎవరూ చూడని చోట బిడ్డకు రూపం కట్టేది నీవే. గొంతు దగ్గర ఒక చిన్న గ్రంథిని ఉంచేవాడివీ, ఉంచకుండా మానేవాడివీ నీవే. నీ దగ్గర దాచిపెట్టుకోవడానికి నాకేమీ లేదు. అందుకే ముందు నీకు వందనం చెప్పి, తర్వాత నీ ప్రజలకు జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నా కూతురు హిందూపురంలోని ఒక ఆసుపత్రిలో శుక్రవారం మధ్యాహ్నం పుట్టింది. మామూలు కాన్పు. మూడు కేజీల పైన రెండు వందల గ్రాములు తూగింది. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు నాకు బాగా గుర్తుంది. తర్వాతి వారాల్లో చాలాసార్లు దాన్నే తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

పిల్లల డాక్టరమ్మ ఇంకో రెండు రోజులు ఉండి పొమ్మంది. మూడో రోజు బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి హార్మోను పరీక్ష చేస్తామని చెప్పింది. మా అమ్మ ఒప్పుకోలేదు.

“ఆదివారం పూట ఈడ ఫినాయిలు వాసనలో ఎందుకుండల్ల తల్లీ? పెనుకొండకు పోయి మన ఇంట్లో మోకాళ్లు వేసుకుందాం” అంది.

నాకూ ఇంటికి పోవాలనే ఉండింది. శనివారం పొద్దున, బయలుదేరే ముందు, ఆ రక్తం తీసుకున్నారు. సూది గుచ్చినప్పుడు పాప మొహం చిట్లించింది, మళ్లీ పడుకుంది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను.

మా పుట్టిల్లు పెనుకొండ. అత్తగారిది ధర్మవరం. మా ఆయన అక్కడ చీరల డిజైను కోసం మగ్గానికి ఎక్కించే జాకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టే పని చేస్తాడు. మా అత్త మగ్గం నేస్తుంది. రెండు కుటుంబాలూ ఒకే క్రైస్తవ సంఘానికి చెందినవి. మందిరం ధర్మవరంలో ఉంది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. కాన్పయి ఇంటికొచ్చిన తల్లీ బిడ్డా నలభై రోజులు గడప దాటరు. బిడ్డ దాటే మొదటి గడప దేవుని మందిరానిది కావాలి. ఆ రోజు ప్రతిష్ఠ చేస్తారు. పెద్ద త్రాసులో ఒక పళ్లెంలో బిడ్డను పడుకోబెట్టి, రెండో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ బరువుకు సరితూగిన బియ్యాన్ని సంఘంలోని విధవరాళ్లకు పంచుతారు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. ఆ బియ్యంతో అన్నం తిన్నవాళ్లు నాకు తెలుసు. కానీ దాన్ని పట్టుకుని మేము చేసింది వేరు.

బుధవారం ఆసుపత్రి నుంచి మా ఆయనకు ఫోను వచ్చింది. ఆయన పని దగ్గరి నుంచే నాకు చేశాడు. వెనకాల అట్టలు కొట్టే మిషను చప్పుడు వినబడుతూ ఉంది.

“థైరాయిడ్ నంబరు ఎక్కువుండాదంట. భయపడొద్దన్నారు. కడుపులోంచి బయటి చలికి రాంగానే అందరు పిల్లలకూ ఎక్కుతాదంట అది. మనం తొందరపడి ఒకరోజుకే తీపిచ్చినాం గదా, అందుకని.”

“దేవునికి స్తోత్రం” అన్నాను.

“ఈ వారంలోనే ఇంకోసారి తీసుకురమ్మన్నారు. మర్చిపోవద్దండి అని రెండుసార్లు చెప్పింది ఆయమ్మ.”

ఈ రెండో మాట మిషను చప్పుడులో నాకు సరిగా వినబడలేదని నేను చాలామందితో చెప్పాను. అది అబద్ధం. వినబడింది. ‘నలభై కానీ, ప్రతిష్ఠకు వచ్చినప్పుడు చూపిద్దాం’ అన్నది నేనే. మా అమ్మ కాదు, మా అత్త కాదు. వాళ్లు తర్వాత ఆ మాటను పట్టుకున్నారు, అంతే.

ఆ ఇంట్లో రోజులు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. భయంకరమైనది అదే. పాప పడుకునేది. పాలకు లేపితే నాలుగు గుక్కలు తాగి, నోట్లో రొమ్ము ఉండగానే నిద్రపోయేది. అరికాళ్లు గిల్లేదాన్ని, చెవి వెనక తడిగుడ్డతో తుడిచేదాన్ని. కళ్లు సగం తెరిచి, నన్ను దాటి ఎటో చూసి, మళ్లీ మూసుకునేది. నాకు పాలు కట్టి రాళ్లలా అయ్యేవి. మా అమ్మ ఆ పాలు పిండి, ఉగ్గుగిన్నెతో పాప నోట్లో కొంచెం కొంచెంగా పోసేది. నాలుక అడ్డం వచ్చి కొంత బయటికి కారిపోయేది. మూడో వారానికి కూడా కళ్లలో పసుపు తగ్గలేదు. పొద్దున ఎండలో పెట్టేవాళ్లం. ఎండలో కూడా కాళ్లు చల్లగానే ఉండేవి. నాలుగు రోజులకో ఐదు రోజులకో ఒకసారి దొడ్డికి పోయేది. బొడ్డు నిమ్మకాయంత ఉబ్బింది. ఎప్పుడైనా ఏడిస్తే జలుబు చేసిన ముసలమ్మలా బొంగురుగా మూలిగేది.

ఇవన్నీ నేను చూశాను. ఒక్కొక్కటీ విడిగా చూశాను. ఒక్కోదానికి ఇంట్లో ఎవరో ఒకరు కారణం చెప్పారు. అన్నిటినీ ఒక్కచోట పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఎందుకంటే పాప బరువు పెరుగుతూ ఉంది. ఆశా వర్కరు వచ్చి గుడ్డ ఊయల వేలాడే కాటాకు తగిలించి తూచినప్పుడల్లా ముల్లు ముందుకే పోయేది. బుగ్గలు నిండాయి. మెడ కింద మడతలు పడ్డాయి. నిద్ర ఎలా పోతుందని ఆమె అడిగితే, “ఏమీ సతాయించదు, హాయిగా పడుకుంటాది” అని గర్వంగా చెప్పాను. ఆమె అదే రాసుకుంది.

ధర్మవరం నుంచి మా అత్త రోజూ ఫోను చేసేది.

“ఎంత తూగింది?”

“నాలుగు దాటింది అత్తా.”

“నలభైయో రోజుకు ఐదు కావల్ల. పోయిన ఏడు మా పక్కింటామె మనవడు ఐదు తూగితే, నెలరోజులు ఆయమ్మ కాళ్లు నేలమీద ఆనలా. మన పాప అందరి నోళ్లూ మూయించల్ల సూడు.”

పాప పుట్టిన ఇరవై ఎనిమిదో రోజు, గురువారం మధ్యాహ్నం, పెనుకొండ స్త్రీల కూడిక మా ఇంట్లోనే పెట్టారు. పదిమంది దాకా వచ్చారు. నేను చిన్నప్పటినుంచి సండేస్కూల్లో వాక్యం కంఠతా పట్టి బహుమతులు తీసుకున్నదాన్ని. నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పడం నాకు మంచినీళ్లు తాగినంత సులువు. ఆ రోజు మంచం మీద కూర్చునే చెప్పాను. కడుపుతో ఉన్నప్పుడు శాంతిగల బిడ్డను ఇమ్మని ఉపవాసం ఉండి అడిగానని, దేవుడు అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చాడని, నా బిడ్డ ఏడుపు ఎరగదని, అది ఆయన కృప అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

“మా మనవడైతే ముల్లు తొక్కినట్టు అరుస్తాడు తల్లీ. మీ పాపను ఒక వారం మా ఇంటికి పంపు, వానికి పాఠం చెప్తాది” అని ఒకామె అంటే అంతా నవ్వారు.

నవ్వనిది ఒక్క అవ్వ. గవర్నమెంటు ఆసుపత్రిలో కాన్పుల వార్డులో ఆయాగా చేసి రిటైరైన మనిషి. అందరూ కాఫీలు తాగుతుంటే నా పక్కకొచ్చి కూర్చుని, పాప కప్పుకున్న గుడ్డ తీసి, రెండు కాళ్లూ తన అరచేతుల్లో పెట్టుకుంది. చాలాసేపు అట్లే పెట్టుకుంది.

“దొడ్డికి ఎన్నాళ్లయింది పోయి?”

“నిన్నో మొన్నో అవ్వా.”

“సోమారం” అంది మా అమ్మ, అటువైపు నుంచి.

“నాలుక ఎప్పుడూ ఇట్లే బయటుంటాదా? రక్తం సూపిచ్చినారా?”

చెప్పాను. అందరికీ పుట్టగానే ఎక్కుతుందట అని కూడా చెప్పాను.

“ఎక్కుతాది. దిగిందా?”

మా అమ్మ మాట అందుకుంది. “నలభై కాంగానే చూపిస్తాం. ఇంకెంత, రెండు వారాలే గదా. ఇప్పుడు గడప దాటిస్తే ధర్మారంలో నా వియ్యపరాలు నన్ను బతకనిస్తాదా?”

“రెండు వారాలా?” అంది అవ్వ. “మే, నేను ఇరవై ఏండ్లు వార్డులో పిల్లోళ్ల గుడ్డలు మార్చినా. ఇంత సల్లటి కాళ్లు రెండుసార్లే చూసినా. రేపు పొద్దన్నే హిందూపురం బస్సెక్కండి. నేనూ తోడొస్తా.”

“మా బిడ్డ దేవుని బిడ్డ” అన్నాను నేను. ఎంత గట్టిగా అన్నానంటే కాఫీలు తాగుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

అవ్వ నా మొహంలోకి చూసింది. “కాదన్యానా?” అని లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కాఫీ గ్లాసు అట్లే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మ, ఆ అవ్వకు మనవళ్లు లేరని, చూపు మంచిది కాదని అంది. విశ్వాసులం, దిష్టిని నమ్మం. అయినా ఆ మాట అనగానే మా ఇద్దరికీ మనసు తేలికయింది. నిజం చెప్పాలంటే నన్ను ఆపింది మా అత్త భయమూ కాదు, నలభై రోజుల లెక్కా కాదు. పదిమంది ముందు నేను సాక్ష్యం చెప్పేశాను. రేపు పొద్దున బస్సెక్కితే, దేవుడు చేసింది అని చెప్పినదాన్ని జబ్బు అని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ పదిమంది మొహాలు నాకు కనబడ్డాయి. నా బిడ్డ మొహం కనబడలేదు.

ఆ తర్వాతి రోజుల్లో పాప నిద్ర ఇంకా గాఢమైంది. నేను ప్రార్థన ఎక్కువ చేశాను. మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఉయ్యాల వైపు చెవి పెట్టి ఊపిరి వినేదాన్ని. వినబడగానే ఆమేన్ అనేదాన్ని.

నలభై దాటాక మొదటి ఆదివారం, అంటే నలభై ఐదో రోజు. పొద్దున రైల్లో ధర్మవరం పోయాం. రైలు కూత పెట్టినా, పెట్టెలో పల్లీలమ్మే మనిషి చెవి పక్కనే అరిచినా పాప కదల్లేదు. మా ఎదురుగా కూర్చున్నావిడ “ఎంత పుణ్యం చేసుకున్యావమ్మా” అంది.

మందిరంలో ఆ రోజు ఇద్దరు పిల్లలకు ప్రతిష్ఠ. రెండో బిడ్డ ఒక మగపిల్లాడు, మా పాపకంటే మూడు రోజులు చిన్నవాడు. సన్నగా, నల్లగా, పక్కటెముకలు కనబడేలా ఉన్నాడు. ముందు వాణ్ని తూచారు. పళ్లెం కొంచెం పైకి లేవగానే వాడు రెండు చేతులూ చాచి ఉలిక్కిపడి, కెవ్వుమని అరిచి, పళ్లెంలోనే పోసేశాడు. సంఘమంతా గొల్లుమంది. “ఏమప్పా, అభిషేకం నువ్వే చేస్తాండావే!” అన్నారు పాస్టరు అయ్యగారు. వాడి తల్లి సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

వాడు ఏడుస్తూనే, ఊగుతున్న త్రాసు గొలుసును చూశాడు. గొలుసు ఇటు వస్తే వాడి కళ్లు ఇటు వచ్చాయి. అటు పోతే అటు పోయాయి. ఏడుపు ఆపి మరీ చూశాడు.

తర్వాత నా పాపను పెట్టారు. బియ్యం పోస్తూ పోయారు. ఇంకా పోశారు. మా అత్త ముందు వరసలో నిలబడి చేతులెత్తి స్తుతించింది. పళ్లెం ఒక్కసారిగా పైకి లేచింది. గొలుసు పాప మొహం మీదే ఊగింది. డ్రమ్ములు మోగాయి, రెండు వందల మంది ఒక్కసారి చప్పట్లు కొట్టారు. పాప కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. వాటి ముందు గొలుసు ఊగింది. ఆ కళ్లు కదల్లేదు.

అవ్వ చెప్పినవన్నీ, నేను విడివిడిగా చూసినవన్నీ అప్పుడు ఒక్కచోటికి వచ్చాయి.

అయ్యగారు మైకు నా చేతికిచ్చారు. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా, మైకు చేతిలో పెట్టుకుని, పెనుకొండలో చెప్పిన సాక్ష్యాన్నే మళ్లీ చెప్పాను. ఒక్క మాట తేడా లేకుండా చెప్పాను. నా గొంతు వణికితే అందరూ ఆత్మావేశం అనుకున్నారు. ఆ మగపిల్లాడి తల్లి దగ్గరికొచ్చి, “మీ పాప ఎంత బుద్ధిమంతురాలక్కా! మావాడు రాచ్చసుడు” అంది. వాణ్ని ఒకసారి నా చేతికివ్వమని అడిగాను. వెచ్చగా, బరువు లేకుండా, చేతిలో నిలవకుండా తన్నుకున్నాడు.

సోమవారం పొద్దున, ఎవరినీ అడగకుండా, మా ఆయన్ను వెంటబెట్టుకుని ధర్మవరంలోనే ఒక పిల్లల డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన పాపను చూసి, మాడు నొక్కి, గొంతు తడిమి, “ఎన్ని రోజులు?” అన్నాడు.

“నలభై ఆరు.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. రక్తం తీయించాడు కానీ రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు. మాత్ర అప్పుడే రాసి, ఇక్కడే పొడి చేసి నీ పాలలో కలిపి పట్టు, నేను చూడాలి అన్నాడు. ఆ తర్వాతే మాకు నిదానంగా చెప్పాడు. కడుపులో ఉన్నంతకాలం తల్లి హార్మోను బిడ్డకు కొంత ఆదరువు. పుట్టగానే బిడ్డ సొంత గ్రంథి పని అందుకోవాలి. మొదటి రోజు ఆ నంబరు అందరికీ పైకి పోతుంది, కొన్ని రోజుల్లో దిగుతుంది. దిగిందో లేదో చూడటానికే రెండోసారి రమ్మంటారు. మా పాపకు గ్రంథి ఉండాల్సినంత లేదు. మెదడు పెరిగేది ఈ మొదటి వారాల్లోనే, ఆ హార్మోను ఉంటేనే.

“బరువు బాగా పెరిగింది గదా సార్” అన్నాను. ఇంకా అదే పట్టుకుని ఉన్నాను.

ఆయన పాప మెడ దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూపించాడు. “ఇది పాలతో వచ్చిన కండ కాదమ్మా. ఉబ్బు.”

“పోయిన రోజులు?” అని మా ఆయన అడిగాడు.

“వాటి గురించి ఈ రోజు నేనేమీ చెప్పలేను. ఏడాది నిండాక నిపుణులు చూసి చెప్తారు. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.”

రిపోర్టులో నంబరు, మిషను చూపగలిగినదాన్ని దాటి ఉంది.

ఆ తర్వాత మేము ధర్మవరంలోనే ఉండిపోయాం. మాత్ర మొదలయ్యాక పాప బరువు తగ్గింది. బుగ్గలు దిగాయి. మెడ కనబడింది. రెండో వారంలో ఒక పొద్దున, ఇల్లంతా అదిరేలా ఏడ్చింది. నేను నేలమీద కూర్చుని నవ్వుతూ ఏడ్చాను. మా అత్త మగ్గం గుంతలోంచి లేచి వచ్చింది.

“ఆ మాత్ర బిడ్డను కరగదీస్తాంది. ఎట్లుండే బిడ్డ ఎట్లయిపాయ! సంఘంలో అడుగుతాండారు, ఏమని చెప్పల్ల నేను?”

“నేను అబద్ధం చెప్పినానని చెప్పు అత్తా.”

ఆమె నన్ను కొట్టినంత పని చేసింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున నేను స్నానానికి పోయి వచ్చేసరికి, మాత్ర పొడి కలిపిన పాలు తనే ఉగ్గుగిన్నెతో పట్టిస్తూ ఉంది.

పాపకు ఇప్పుడు ఏడాదీ నాలుగు నెలలు. బొమ్మ ఇస్తే పట్టుకుంటుంది. ఆలస్యంగానైనా కూర్చుంది. ఇంకా నిలబడలేదు. ఇంకా ఒక మాట కూడా రాలేదు. ‘కొందరు పిల్లలకు ఆలస్యం’ అని ఇంట్లో అంటారు. ఆ మాట వినగానే నా ఒళ్లు చల్లబడుతుంది, ఎందుకంటే ఆ గొంతు నాకు తెలుసు. పోయిన నెల సంఘంలో లేచి, నా సాక్ష్యం తప్పని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూడిక అయ్యాక ఎవరూ నా దగ్గరికి రాలేదు కూడా.

కానీ అది సులువైన ఒప్పుకోలు. కష్టమైంది ఇంకా మిగిలి ఉంది. ఏడాది నిండగానే పాప బుద్ధి ఎదుగుదలను పరీక్ష చేయించాలి. దానికి నిపుణురాలు నెలకొకసారి హిందూపురం వస్తుంది. మొదటి నెల పాపకు జలుబని పోలేదు. రెండో నెల మా ఆయనకు పని ఉందని పోలేదు. మూడో నెల ఏ కారణమూ లేదు. బట్టలు సర్దుకుని, సంచి తగిలించుకుని, స్టేషను దాకా పోయి, రైలు వెళ్లిపోయేదాకా బెంచీ మీద కూర్చుని తిరిగి వచ్చాను. పోయిన నెల రాయించుకోనేలేదు. ఆవిడ ఏం చెబుతుందో వినకుండా ఉన్నంతకాలం, అది జరగనట్టే ఉంటుందని నా మనసు ఇప్పటికీ నమ్ముతోంది. ఒకసారి ఆ నమ్మకానికి నా బిడ్డను అప్పగించాను.

మళ్లీ రాయించుకున్నాను. వచ్చే మంగళవారం. మీరు ఎవరైనా సరే, ఎక్కడ చదువుతున్నా సరే, ఒక్క క్షణం తల వంచండి. ఫలితం బాగుండాలని అడగమనను. అది ఎలా ఉందో అలా ఇప్పటికే ఉంది, ప్రభువుకు తెలుసు. ఆ పొద్దున నేను బెంచీ మీదినుంచి లేవాలని అడగండి. బిడ్డను ఎత్తుకుని రైలెక్కాలని, ఆవిడ చెప్పేది చివరిదాకా వినాలని అడగండి. ఒంటరిగా అడిగితే నేను మధ్యలో ఆపేస్తున్నాను. నాతో కలిసి అడగండి.